మెత్తగా తినమన్నారు, పస్తుండమనలేదు

రెండేళ్ళ కిందట జూలైలో నా కుడి కింది జ్ఞానదంతం తీయించుకున్నాను. మామూలు పన్ను అయితే పీకేసేవాళ్ళే. ఇది నిటారుగా రాకుండా పక్కపన్ను మీదకి అడ్డంగా పడుకుని ఉంది. చిగురు కోసి, చుట్టూ ఉన్న ఎముక కాస్త తొలిచి, పన్నును రెండు ముక్కలు చేసి బయటికి తీశారు. ముప్పావుగంట పట్టింది. మూడు కుట్లు పడ్డాయి. మత్తు ఇంకా దిగలేదు, గాజుగుడ్డ పళ్ళ మధ్య బిగించుకుని కూర్చున్నాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి వచ్చి ఒక ప్రింటు కాగితం చేతిలో పెట్టింది. పైన 'సాఫ్ట్ డైట్, వారం రోజులు' అని ఉంది. కింద ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, జ్యూస్, కస్టర్డ్, జెల్లీ, మ్యాష్డ్ పొటాటో, సూప్.

కూకట్‌పల్లిలో ఇంటికి చేరేసరికి తెనాలి నుంచి అమ్మ ఫోన్. నేను మాట్లాడలేను కాబట్టి మొత్తం ఆవిడే మాట్లాడింది. "పప్పు ముట్టుకోబాకు, చీము పడుద్ది. గుడ్డు వేడి చేస్తది. పెరుగు తింటే కుట్లు పచ్చిగానే ఉంటయ్. వంకాయ పేరెత్తబాకు. నాలుగు రోజులు గంజి తాగి పడుకో, అదే మానుద్ది."

కాగితం చెప్పింది పంచదార, అమ్మ ఒప్పుకున్నది గంజి. మొదటి నాలుగు రోజులూ నేను ఈ రెంటి మీదే బతికాను. ఇద్దరూ నా మంచికే చెప్పారని నాకు తెలుసు. కానీ ఆ రెండు సలహాల మధ్య నా గాయానికి కావలసిన తిండి జారిపోయింది. ఏడాది తర్వాత మా నాన్న విషయంలో అదే ఇంకా ప్రమాదంగా జరిగింది. నోట్లో ఏ చిన్న ఆపరేషన్ జరిగినా మన ఇళ్ళల్లో ఇదే తంతు నడుస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఐస్‌క్రీమ్ గురించి న్యాయంగా మాట్లాడాలి. మొదటి రోజుకి అది మంచిదే. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డే గాయానికి మూత, మందు, పునాది అన్నీ. దాని కిందనే కొత్త కండ పెరుగుతుంది, దాని మీదనే చిగురు మూసుకుంటుంది, నెలల తర్వాత అక్కడే ఎముక నిండుతుంది. మొదటి 24 గంటలు వేడివేడిగా ఏదైనా తాగితే ఆ గడ్డ చెదిరి మళ్ళీ రక్తం కారవచ్చు. అందుకే చల్లనివి తినమంటారు. నమలక్కర్లేకుండా, చల్లగా, గొంతులోకి జారిపోయేది ఏదైనా ఆ రోజుకి సరిపోతుంది. గింజలు, చాక్లెట్ పలుకులు లేని ఐస్‌క్రీమ్ ఒక కప్పు తింటే ఎవరికీ నష్టం లేదు.

ఇక్కడ ఒక మాట అందరికీ చెప్పాలని ఉంది. ఆ రోజు సాయంత్రం మా ఆయన కింద బండి దగ్గర కొబ్బరిబోండాం కొట్టించి తెచ్చాడు. దానికి అలవాటుగా స్ట్రా గుచ్చి ఇచ్చారు. నేను నోట్లో పెట్టుకోబోతుంటే అదృష్టవశాత్తు ఆయనకే గుర్తొచ్చి లాక్కున్నాడు. స్ట్రాతో పీలిస్తే నోట్లో పుట్టే లాగుడుకి ఆ రక్తపు గడ్డ ఊడి రావచ్చు. గడ్డ ఊడితే కింద ఎముక బయటపడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. రెండో రోజో మూడో రోజో మొదలయ్యే ఆ నొప్పి చెవి దాకా పాకుతుంది, మామూలు మాత్రలకి లొంగదు. సిగరెట్ పీల్చినా, గట్టిగా ఉమ్మినా అదే ముప్పు. మన దగ్గర కొబ్బరినీళ్ళు, జ్యూసులు, లస్సీ అన్నీ స్ట్రాతోనే చేతికి వస్తాయి. రోగికి ఇచ్చేముందు గ్లాసులో వంచడం ఇంట్లోవాళ్ళ పని. మత్తులో ఉన్న మనిషికి గుర్తుండదు.

రెండో రోజు నుంచి అసలు కథ. వాపు తగ్గుతుందనుకుంటే పెరిగింది. రెండు మూడు రోజుల దాకా పెరగడం మామూలేనని తర్వాత తెలిసింది. దవడ బిగుసుకుపోయి నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోలేదు. యాంటీబయాటిక్‌తో పాటు ఇచ్చిన మెట్రోనిడజోల్ వల్ల నాలుక మీద ఎప్పుడూ ఇనుప రుచి. ఆకలి ఉంది, తినాలని లేదు. పొద్దున ఐస్‌క్రీమ్, కాసేపటికి కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం సగ్గుబియ్యం జావ, సాయంత్రం పాలల్లో నానబెట్టిన రెండు బ్రెడ్ ముక్కలు, బత్తాయి రసం, రాత్రికి గంజి. పేర్లు చెప్పుకుంటే రోజంతా తింటున్నట్టే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మూడో రోజుకి కడుపులో మంట మొదలైంది. నాలుగో రోజు పొద్దున మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. ఎనిమిదో రోజు బరువు చూసుకుంటే మూడు కిలోలు తగ్గాను.

నాలుగో రోజు సాయంత్రం మా మేనత్త చూడ్డానికి వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో 30 ఏళ్ళు నర్సుగా చేసి రిటైర్ అయిన మనిషి. వాపు చూసింది, టార్చి వేసి కుట్లు చూసింది, జ్వరం లేదని చెయ్యి పెట్టి తేల్చుకుంది. తర్వాత పక్కన కూర్చుని, "నిన్న పొద్దుటి నుంచి నోట్లో ఏమేం పడ్డయ్యో ఒక్కొక్కటి చెప్పు" అంది. నేను చెప్పాను. చెప్పలేనివి కాగితం మీద రాశాను. ఆవిడ అన్నీ విని, "ఇందులో పుండు మానడానికి పనికొచ్చేది ఏముందమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత నేను కూర్చుని లెక్క వేశాను. మనకి ఎంత ప్రోటీన్ కావాలో చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అది. 2020లో ఆ సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నేను అప్పుడు 55 కిలోలు. అంటే సుమారు 46 గ్రాములు. అదీ ఏ గాయమూ లేనప్పటి మాట, గాయం మానేటప్పుడు అవసరం ఇంకాస్త పెరుగుతుంది. ఆ రోజు నేను తిన్నదాంట్లో గ్లాసు పాలకి ఆరేడు గ్రాములు, బ్రెడ్డుకి నాలుగు, ఐస్‌క్రీమ్‌కి రెండో మూడో, మిగతావన్నీ కలిపి మరో రెండు మూడు. ఎంత ఉదారంగా వేసుకున్నా 17 దాటలేదు. సగ్గుబియ్యం దాదాపు మొత్తం పిండిపదార్థమే. కర్రపెండలం దుంప నుంచి తీసే ఆ గింజలో ప్రోటీన్ వెతికినా దొరకదు. కొబ్బరినీళ్ళు దాహానికి మంచివి, అంతవరకే. రోగికి పెట్టే ఆహారం అనగానే మనకి ముందు గుర్తొచ్చేవి ఈ రెండే.

గాయం మానడం అంటే శరీరం కొత్త కండ అల్లుకోవడం. ఆ అల్లికకి కావలసిన నూలు ప్రోటీన్. ఆ నూలు పట్టు తప్పకుండా ఉండటానికి విటమిన్ సి కావాలి. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులకి తాజా పండ్లు, కూరలు దొరక్క స్కర్వీ వచ్చేది. చిగుళ్ళు ఉబ్బి రక్తం కారడమే కాదు, ఎప్పుడో మానిపోయిన పాత గాయాలు కూడా మళ్ళీ తెరుచుకునేవి. ఒకసారి మానిన పుండు కూడా రోజూ తిండి అడుగుతూనే ఉంటుందన్నమాట. అలాంటిది నాలుగు రోజుల కిందట ఎముక తొలిచిన చోటికి ఏమీ అందించకుండా 'అదే మానుద్ది' అని ఎలా వదిలేస్తాం?

ఇక చీము సంగతి. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం మా అమ్మది మాత్రమే కాదు. చెవులు కుట్టించినా, కాలు తెగినా, సిజేరియన్ అయినా, తెలుగు ఇళ్ళల్లో ముందు ఆగేది పప్పు. చీము అంటే గాయంలోకి చేరిన క్రిములతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలు, చచ్చిన క్రిములు, పాడైన కణజాలం. అది క్రిముల వల్ల వస్తుంది. కందిపప్పు కడుపులోకి వెళ్ళి జీర్ణమవుతుంది, దవడలోకి వెళ్ళి చీముగా మారదు. ఈ నమ్మకం ఎందుకు పుట్టి ఉంటుందో నేను ఊహించగలను. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో గాయాల్లో చాలావాటికి చీము పట్టేది. పట్టినప్పుడల్లా నిన్న ఏం తిన్నాడని వెతికేవాళ్ళు. నిన్న ఏ ఇంట్లోనైనా తిన్నది పప్పే. కడుపు ఆపరేషన్ తర్వాత గ్యాస్ చేస్తుందని కొన్నాళ్ళు పప్పు తగ్గించమంటే అర్థం ఉంది. పన్ను తీసిన మనిషి కడుపు నిక్షేపంగా ఉంటుంది. నమలడం ఒక్కటే కుదరదు.

లంఖణం పరమౌషధం అన్న సామెత మా అమ్మ నోట తరచూ వింటాను. అజీర్తికి, ఒంట్లో బాగోలేని ఒకటి రెండు పూటలకి ఆ మాట సరిపోతుందేమో. కోసి కుట్టిన చోటికి ఆ మాట చెల్లదు. పైగా ఖాళీ కడుపుతో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు వేసుకుంటే కడుపులో మంట, పుళ్ళు. నాకు మూడో రోజు పట్టుకున్న మంట దాని వల్లే. మాత్రల కాగితం మీద 'తిన్న తర్వాత' అని రాస్తారు. తిన్న తర్వాత అంటే కొబ్బరినీళ్ళు తాగిన తర్వాత అని కాదు.

పథ్యం మన పూర్వీకులు చెప్పిందే కదా అని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. పూర్వీకుల మీద నాకూ గౌరవం ఉంది, అందుకే వెళ్ళి చూశాను. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 19వ అధ్యాయం మొత్తం గాయపడిన మనిషిని ఎలా చూసుకోవాలో చెబుతుంది. అందులో నిషేధాలు చాలానే ఉన్నాయి. కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, ఉలవలు, బెల్లం, పాలు, పెరుగు, మజ్జిగ కూడా వద్దంటుంది. కాబట్టి మా అమ్మ పెరుగు భయానికి పాత మూలమే ఉందని ఒప్పుకుంటాను. ఇవాళ్టి వైద్యం ఆ నిషేధాన్ని సమర్థించదు. కానీ అదే అధ్యాయం తినమని చెప్పినవి చూడండి. పాత బియ్యపు అన్నం, నెయ్యి తగిలించి, కాస్త వేడిగా, జారుగా. తోడుగా మెట్ట ప్రాంతపు జంతువుల మాంసం. లేదా పెసల కట్టు. నేతిలో వేయించిన కూరలు, వాటికి దానిమ్మ, ఉసిరి. ఆ కూరల్లో కాకరకాయ ఉంది, లేత ముల్లంగి ఉంది, వంకాయ కూడా ఉంది. అవును, మన ఇళ్ళల్లో గాయం పేరు చెప్పగానే మొదట వెలివేసే వంకాయే. అంత కఠినమైన పథ్యం రాసిన ఆ వైద్యుడు కూడా గాయపడినవాణ్ణి పస్తు పెట్టలేదు. మాంసమో పెసలో ఏదో ఒకటి పళ్ళెంలో ఉండేలా చూశాడు. మనం ఆ పాత పథ్యంలో 'వద్దు' అన్న మాటలు మాత్రం గట్టిగా పట్టుకుని, 'తిను' అన్నవి వదిలేశాం.

ఆ సాయంత్రం మా అత్త వంటింట్లోకి వెళ్ళి చేసింది పెద్ద వంటేమీ కాదు. గిద్దెడు పెసరపప్పు, అంతే బియ్యం కలిపి కుక్కర్లో ఆరు కూతలు రానిచ్చింది. నీళ్ళు ఎక్కువ పోసింది. దించాక పప్పుగుత్తితో మెదిపింది. ఉప్పు, చిటికెడు పసుపు, రెండు చెంచాల నెయ్యి, కరిగిన నేతిలో కాస్త ఇంగువ. మిరియం లేదు, జీలకర్ర లేదు. గోరువెచ్చగా అయ్యాక చిన్న చెంచాతో ఎడమవైపు నుంచి తినమంది. నాలుగు రోజుల తర్వాత నోట్లో ఉప్పగా, కమ్మగా ఏదో పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తీపి తినీ తినీ నాలుక ఎంత విసిగిపోయిందో అప్పుడు తెలిసింది.

తాలింపు గింజలు గుంటలో ఇరుక్కుంటాయని ఆవిడ చేసిన హెచ్చరిక నేను ఆ తర్వాత ఒకసారి మర్చిపోయి అనుభవించాను. ఆరో రోజు బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్ళ చారే గ్లాసులో పోసుకుని తాగాను. ఒక ఆవగింజ గుంటలోకి వెళ్ళి కూర్చుంది. ఆవగింజంత అని చిన్నదానికి పోలిక చెబుతాం కానీ కుట్ల మధ్య ఇరుక్కున్న ఆవగింజ నాకు రాత్రంతా గులకరాయిలా తగిలింది. వేలు పెట్టకూడదు, పుల్ల పెట్టకూడదు. మర్నాడు క్లినిక్‌లో సిరంజితో ఉప్పునీళ్ళు కొట్టి తీశారు. మన వంటలో మెత్తనివి బోలెడు ఉన్నాయి. కానీ ఆ మెత్తనివాటి మీద మనం చివర్లో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి గింజలు చల్లుతాం. పన్ను తీసిన ఇంట్లో రెండు వారాలు తాలింపు వేరే గిన్నెలో వేసి, ఆ నూనె మాత్రం వడకట్టి పోయాలి. చారు టీ వడకట్టే జల్లెడలో ఒకసారి పోస్తే చాలు. ఉప్మా రవ్వ, నువ్వులపొడి, గసాలు, జామపండు, దానిమ్మ, టమాటా గింజలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అటుకులు మెత్తనివే అనుకుంటాం, నానినా వాటి అంచులు గుచ్చుకుంటాయి.

కట్టుకీ ముద్దపప్పుకీ ఉన్న తేడా కూడా చెప్పాలి. 'పప్పు వద్దు, పైన తేరిన కట్టు పోయండి' అనేవాళ్ళు చాలామంది. ఆ తేటలో రుచి ఉంటుంది, ఉప్పు ఉంటుంది, బలం మాత్రం చాలావరకు అడుగునే ఉండిపోతుంది. 40 గ్రాముల పప్పు, అంటే చిన్న గుప్పెడు, మెత్తగా ఉడికించి మెదిపితే తొమ్మిది గ్రాముల దాకా ప్రోటీన్. రోగికి తేట పోసి, ఆ అడుగు పప్పుతో ఇంట్లోవాళ్ళు అన్నం తినడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. అది అటుది ఇటు కావాలి. కాళ్ళసూప్ విషయంలోనూ ఇదే పొరపాటు. ఎముకలు ఉడికించిన రసం ఎముకలకి పోతుందని నమ్మకం. వేడి తగ్గాక తాగితే హాయిగా ఉంటుంది, తాగండి. దాన్నే నమ్ముకుని మాంసం, గుడ్డు, పప్పు మానేస్తే ఆ రసం ఒక్కటే సరిపోదు.

అత్త వచ్చిన మర్నాటి నుంచి నా రోజు మారింది. పొద్దున రాగి జావ, నీళ్ళతో కాకుండా పాలతో. రాగుల్లో 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, దవడకి అదీ మంచిదే. రెండు గుడ్లు గిలకొట్టి, కాస్త పాలు పోసి, ఇడ్లీపాత్రలో ఆవిరి మీద పూర్తిగా ఉడికిస్తే తోడుకున్న పెరుగు లాగా వస్తుంది, నాలుకతోనే నలిగిపోతుంది. మధ్యాహ్నం మెత్తన్నంలో ముద్దపప్పు, నెయ్యి, పక్కన సొరకాయో గుమ్మడికాయో ఉడికించి మెదిపింది. తర్వాత గడ్డపెరుగు ఒక గిన్నె. సాయంత్రం బాగా పండిన బొప్పాయి నాలుగు ముక్కలు చెంచాతో గీరుకుని తినడం. పుల్లటి నారింజ రసంలా మండకుండా విటమిన్ సి ఇచ్చే పండు అది. చక్కెరకేళి దొరికితే అదీ. రాత్రి పులగం లేదా ఇడ్లీ పాలల్లో నానబెట్టి. మళ్ళీ లెక్క వేస్తే 50 దగ్గరికి వచ్చింది. ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనలేదు. చేపలు తినేవాళ్ళయితే ముళ్ళు తక్కువగా ఉండే కొరమీను ఉడికించి, వేళ్ళతో రెండుసార్లు వెతికి, మెదిపి పెట్టొచ్చు. ఒక జాగ్రత్త: డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ పాలు, పెరుగుతో కలిపి వేసుకోకూడదు, మందు ఒంటికి పట్టదు. మీకు ఇచ్చినవి ఏవో డాక్టర్ని అడిగి, వాటికీ పాలకీ మధ్య ఎంత ఎడం ఉండాలో తెలుసుకోండి.

నాది చిన్న వయసు, కాస్త నీరసంతో గడిచిపోయింది. నాన్న సంగతి అలా కాదు.

నాన్నకి అప్పుడు 67. షుగర్ వచ్చి 14 ఏళ్ళు. కట్టుడుపళ్ళు పెట్టించాలని పైదవడలో కదులుతున్న ఆరు పళ్ళు ఒకేసారి తీశారు. అక్కడా ఇచ్చిన కాగితంలో అదే ఐస్‌క్రీమ్, అదే మిల్క్‌షేక్. షుగర్ ఉన్న మనిషికి కూడా అదే కాగితం. అమ్మ తెలివిగా ఐస్‌క్రీమ్ కొట్టేసింది. పప్పు, గుడ్డు ఎలాగూ కొట్టేసింది. ఇక మిగిలింది పల్చటి మజ్జిగ, నూకల జావ. ఆ మనిషి రోజంతా రెండు గ్లాసుల మజ్జిగ తాగి, ఎప్పటిలాగే పొద్దున షుగర్ మాత్ర, రాత్రి షుగర్ మాత్ర వేసుకున్నాడు. మాత్ర మానితే షుగర్ పెరిగి పుండు మానదని ఆయన భయం. రెండో రోజు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉండబట్టి సరిపోయింది. షుగర్ 58కి పడిపోయిందని చూపించింది. పంచదార నీళ్ళు పట్టాక పావుగంటకి తేరుకున్నాడు. నిద్రలోనే ఇంకా పడిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ఇప్పటికీ ధైర్యం లేదు.

షుగర్ తగ్గించే కొన్ని మాత్రలు, ఇన్సులిన్, మనం తిన్నా తినకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. తిండి సగమైతే మోతాదు ఎంత ఉండాలో ఆపరేషన్‌కి ముందే షుగర్ డాక్టర్ని అడిగి తీరాలి. మనంతట మనం మానేయడమూ తప్పే, మానకుండా పస్తు ఉండటమూ తప్పే. పళ్ళ డాక్టరు, షుగర్ డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆ మాట మోసుకెళ్ళాల్సింది మనమే. షుగర్ ఉన్నవాళ్ళకి రాగి జావ మంచిదని గ్లాసులు గ్లాసులు పోస్తుంటారు. మెత్తగా కాచిన ఏ పిండి జావైనా షుగర్‌ని త్వరగానే పెంచుతుంది. ఇలాంటివాళ్ళకి జావ తక్కువ, గుడ్డు, ముద్దపప్పు, పెరుగు, ఆకుకూర పప్పు ఎక్కువ ఉండాలి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టాలి.

ఆ పొద్దునే నేను హైదరాబాద్ నుంచి బయల్దేరి తెనాలి వెళ్ళాను. వారం ఉన్నాను. అప్పుడు నాకు తెలిసిన ఇంకో విషయం, తిండి ఎంత మెత్తగా ఉంది అన్నదే కాదు, ఎలా పెడుతున్నాం అన్నది కూడా ముఖ్యమని. అమ్మ భయంతో ఇడ్లీ, పప్పు, పాలకూర అన్నీ మిక్సీలో వేసి ఆకుపచ్చగా గ్లాసులో ఇచ్చింది. నాన్న దాన్ని చూసి, "నన్ను పసిపిల్లాణ్ణి చేశారు" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. అందులో పోషకాలన్నీ ఉన్నాయి, కానీ ఆయన నోట్లోకి ఒక్క చుక్క వెళ్ళలేదు. ఆరు పళ్ళు పోయి, మాట తొర్రిగా వస్తుంటే, ఇంటికి వచ్చినవాళ్ళ ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్న మనిషికి ఆ గ్లాసు చూస్తే ఎలా ఉంటుంది?

మర్నాడు ఆయన కంచంలోనే పెట్టాను. ఒకవైపు మెత్తన్నం, దాని మీద ముద్దపప్పు, నెయ్యి. ఇంకోవైపు బీరకాయ చెక్కు తీసి ఉడికించి మెదిపిన కూర. చిన్న గిన్నెలో పెరుగు. ఆయన చేత్తో కలుపుకుని తిన్నాడు. మెల్లగా, అరగంట పట్టింది. "కాస్త ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆ మాట విని నాకు ఎంత ధైర్యం వచ్చిందో. అయిదో రోజుకి కారం లేకుండా మాగాయ ఊట ఒక్క చుక్క కలపమని అడిగాడు. ఇంకో వారం ఆగమన్నాను. పదకొండో రోజు కలిపాను.

దంత వైద్యులతో నా తగాదా ఇంతే. పన్ను అద్భుతంగా తీస్తారు, ఎక్స్‌రే చూపించి వివరంగా చెబుతారు, కానీ తిండి విషయానికి వచ్చేసరికి మనం వండుకోని, మన ఇంట్లో లేని పేర్లున్న కాగితం చేతిలో పెడతారు. మ్యాష్డ్ పొటాటో అంటే మా అమ్మకి తెలీదు. ముద్దపప్పు అని రాస్తే తెలుస్తుంది. 'పప్పు తినొచ్చు, చీము పట్టదు' అని డాక్టరు సంతకం కింద తెలుగులో ఒక్క ముక్క ఉంటే, ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది అత్తగార్లు, అమ్మలు ఆ గుప్పెడు పప్పు పెడతారో ఆలోచించండి. కూతురు చెబితే వినరు, తెల్లకోటు చెబితే వింటారు. షుగర్ ఉన్నవాళ్ళకి వేరే కాగితం ఉండాలి. స్ట్రా సంగతి, తాలింపు గింజల సంగతి అందులో ఉండాలి. ఇందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక పేజీ మార్చి ప్రింటు తీస్తే చాలు. కుట్లు తీయించుకోవడానికి వెళ్ళిన రోజు నాన్న డాక్టరుగారికి ఈ మాట చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మీరే రాసి ఇవ్వండమ్మా, చూస్తాను అన్నారు. రాసి ఇచ్చాను.

అమ్మతో మాత్రం నేను వాదించి గెలవలేదు. ఆరు గాయాలూ చీము లేకుండా మానడం ఆవిడ కళ్ళతో చూసింది, అంతే. మొన్న సంక్రాంతికి ముందు మా బాబాయి దవడ పన్ను తీయించుకుంటే, ఈవిడే టిఫిన్ డబ్బాలో ముద్దపప్పు, మెత్తన్నం వేసుకుని తీసుకెళ్ళింది. తాలింపు వడకట్టిందట. గుడ్డుకి కూడా ఒప్పుకుంది. సుశ్రుతుడి మాట చెప్పి వంకాయ సంగతి కూడా ఎత్తాను. ఆయన ఏం రాసినా సరే, వంకాయ మాత్రం నెల తిరిగేదాకా ఇంట్లోకి రానివ్వనంది.